ఆరాంకుర్చీలో ధర్నా

ఆ రోజుల్లో మా తాండూరు వాళ్ళకు అమెరికా అంటే ఒక పీపా. మందపాటి అట్టతో చేసిన గుండ్రటి పీపా, పైన రేకు మూత, పక్కన చేయి చేయి కలిపిన బొమ్మ, లోపల తెల్లటి పాలపొడి. ఆ దేశం ఏ దిక్కున ఉందో, అక్కడ ఎవరు ఎవరితో ఎందుకు పోట్లాడుకుంటున్నారో ఎవరికీ పట్టేది కాదు. ఇప్పుడు కాలం మారింది. అమెరికాలో ఎన్నికలు వస్తే మా వీధిలో ఇడ్లీలు తినేవాళ్ళు పార్టీలుగా చీలిపోతున్నారు. అక్కడి పెద్దలు టోపీలు పెట్టుకుని, అట్టలు పట్టుకుని, బడిలో ఏ పుస్తకం ఉండకూడదో, తమ దేశంలోకి ఎవరు రాకూడదో, ఏ పాత కాలం తిరిగి రావాలో అరుస్తూంటే టీవీ ముందు కూర్చున్న మావాళ్ళు పడీ పడీ నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే అలాంటి ధర్నా ఒకటి మా ఇంట్లోనే పుట్టింది. అదీ సాక్షాత్తు అమెరికా మీద. ఆ ధర్నాలో పట్టుకున్న అట్టల మీద అక్షరాలు రాసింది, చెప్పుకోవడానికి బాగుండదు కానీ, నేనే.

మాది పడిపోయిన కుటుంబం. ఈ మాట రాస్తున్నప్పుడు కూడా నా వెన్ను నిటారుగానే ఉందని మనవి. తాండూరుకూ కొడంగల్‌కూ మధ్య ఒక ఊళ్ళో మాకు కోటలాంటి గడి ఉండేది, ఊళ్ళు ఉండేవి, వెట్టి చేసే మనుషులు ఉండేవారు. పోలీసు చర్య తర్వాత అన్నీ ఒకదాని వెంట ఒకటి పోయాయి. పోవలసినవే పోయాయని నా అభిప్రాయం. (ఆ అభిప్రాయం ఒకసారి భోజనాల దగ్గర చెప్పాను. నా విస్తరి దాకా వచ్చిన నెయ్యి గిన్నె వెనక్కి తిరిగిపోయింది.) గడి కురవడం మొదలయ్యాక తాండూరులో బండల కప్పు ఉన్న ఒక అద్దె ఇంటికి వచ్చి పడ్డాం. గడి నుంచి మాతో వచ్చినవి మూడు: మా పెద్దనాయన ఆరాంకుర్చీ, జరీ కుచ్చుల గొడుగు, ఆ గొడుగు పట్టే ముసలాయన. ఆయన్ని అందరూ గొడుగు తాత అనేవారు. కుర్చీకి ఒక కాలు విరిగింది. దాని కింద నాపరాయి ముక్క పెట్టేవాళ్ళం. అది కదిలితే పెద్దనాయన ఒక పక్కకు ఒరిగేవాడు, ఒరిగినట్టు మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

నాన్న నా చిన్నప్పుడే పోవడంతో నన్ను పెంచింది పెద్దనాయనే. అందుకని ఆయనకు ఎదురు చెప్పే హక్కు నాకు లేదని ఆయన అనుకునేవాడు, ఉందని నేను అనుకునేవాణ్ణి. నేను ఊళ్ళో మిడిల్ స్కూల్లో పంతుల్ని. మా వంశంలో జీతం తీసుకున్న మొదటివాణ్ణి నేను. అంతకుముందు మాకు జీతాలు ఇచ్చే అలవాటే తప్ప (అదీ సరిగ్గా ఇచ్చామని నేను ప్రమాణం చేయలేను) పుచ్చుకునే అలవాటు లేదు. అందుకే పెద్దనాయన చుట్టాలతో, "పిల్లగాడు పొద్దు పోతలేదని బడి దిక్కు పోయొస్తున్నడు" అని చెప్పేవాడు. నేను ఉదారవాదిని. స్టేషనుకు రైల్లో ఒక రోజు ఆలస్యంగా వచ్చే ఇంగ్లీషు పత్రిక మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివి, అమెరికాలో కుర్ర అధ్యక్షుడు గెలవడం వల్ల ప్రపంచానికి ఏమి మేలు జరుగుతుందో టీచర్ల గదిలో వివరించేవాణ్ణి. నేను మొదలుపెట్టగానే మిగతా టీచర్లకు ఏవో పనులు గుర్తొచ్చేవి.

ఆ బడికి వికారాబాదు నుంచి పాలపొడి పీపాలు వచ్చేవి. దాన్ని కాచి పిల్లలకు పోయడానికి ఒకామెను పెట్టారు. వికారాబాదు దగ్గర క్రైస్తవుల వాడ ఆమెది. పిల్లలు 'పాలక్క' అనేవారు, మేమూ అదే అనేవాళ్ళం. పొయ్యి ఒకటి, గంగాళం ఒకటి, గరిటె ఒకటి, వరండా ఒకటి. పిల్లలందరూ ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకుని ఒకే వరుసలో కూర్చునేవారు. ఎవరు ముందొస్తే వాళ్ళు ముందు. ఊరు పుట్టినప్పటి నుంచీ ఏ ఇంటి పిల్ల ఏ ఇంటి పిల్ల పక్కన కూర్చోకూడదో అంతా తెలిసిన ఊళ్ళో ఈ వరుస ఒక వింత. నాకు మాత్రం అది కొత్త యుగం. నేను రోజూ వరండాలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఆ కొత్త యుగాన్ని చూసేవాణ్ణి. "సారు, జర పక్కకు జరుగుండ్రి, పొగ పోతలేదు" అనేది పాలక్క.

గొడవ మా ఇంటి పిల్లతోనే వచ్చింది. పెద్దనాయన మనవరాలు చిట్టి రెండో తరగతి. అది ఒకనాడు ఇంటికొచ్చి, పాలు ఎంత తియ్యగా ఉన్నాయో, తన పక్కన పాలక్క బిడ్డ కూర్చుందనీ, ఇద్దరూ గిన్నెలు మార్చుకుని తాగారనీ వర్ణించి చెప్పింది. సాయంత్రం నేను ఇంట్లో అడుగు పెట్టేసరికి పెద్దనాయన కుర్చీలో నిటారుగా బిగుసుకుని కూర్చున్నాడు.

"ఏమిరా, ఆ పాలు ఎక్కడియి?"

"అమెరికయి."

"ఆవు ఎవరిది?"

"ఆవా?"

"ఆవు లేకుంట పాలు ఎక్కడియిరా? ఎవరి కొట్టంల కట్టేసిండ్రు, ఏం మేపిండ్రు, పిండినోడు ఎవడు? గివ్వన్ని తెల్వకుంట మన ఇంటి పిల్ల నోట్లె పోస్తరా?"

అమెరికాలో ఆవులు లక్షల్లో ఉంటాయనీ, వాటి వంశవృక్షాలు విచారించడం మనవల్ల కాదనీ చెప్పాను. అది నా మొదటి పొరపాటు. ఊరూ పేరూ లేని ఆవులని ఆయనకు రూఢి అయింది. మర్నాడు గొడుగు తాతను పంపి ఖాళీ పీపా ఒకటి తెప్పించుకున్నాడు. దాని మీద బొమ్మను కళ్ళద్దాలు పెట్టి చూశాడు, తీసి చూశాడు.

"చేతులు రెండు పట్టుకున్నయి, సరే. ఇండ్ల పెద్దచెయ్యి ఏది, చిన్నచెయ్యి ఏది?"

"రెండు సమానమని చెప్పనీకే ఆ బొమ్మ, పెద్దనాయనా."

"గదే నేను చెప్తున్న. గీ పీపా ఇంట్ల ఉండద్దు, బయట పారేపియ్యి."

ఆయన బాధ ఆవు కాదు, చేతుల బొమ్మా కాదు. బాధంతా ఆ వరుస, ఆ గరిటె పట్టుకున్న చెయ్యి. ఆ మాట మాత్రం ఆయన నోటితో ఎన్నడూ అనలేదు. పెద్దమనిషి కదా. దగ్గరి బాధకు దూరపు పేరు పెట్టుకున్నాడు. అమెరికా అన్నాడు. (ఆ తర్వాత ఇన్నేళ్ళుగా ఎక్కడి సంప్రదాయవాదుల ధర్నా చూసినా నేను మొదట వెతికేది ఇదే. అట్ట మీద ఒకటి రాసి ఉంటుంది. కడుపులో మండుతున్నది ఇంకొకటి ఉంటుంది.)

నాకు చదువు ఉంది, వాదన ఉంది, ఓపిక తప్ప అన్నీ ఉన్నాయి. ఆయన్ని సిగ్గుపడేలా చేయాలని నిశ్చయించుకున్నాను. అప్పట్లో పత్రికలో అమెరికా దక్షిణాది ఫొటోలు వస్తుండేవి. అక్కడ నల్ల పిల్లలు తెల్ల పిల్లల బడిలో చేరుతుంటే, పూల టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళూ కోట్లు వేసుకున్న పెద్దమనుషులూ బడి ముందు నిలబడి వద్దు వద్దంటున్నారు. అలాంటి ఫొటో ఒకటి తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను.

"చూడుండ్రి పెద్దనాయనా. మీరు అమెరికా వద్దంటున్నరు. ఆ అమెరికాల మీ అసుంటోళ్ళే ఎంతమంది ఉన్నరో చూడుండ్రి. లోకం వీళ్ళను చూసి నవ్వుతున్నది."

ఆయన చాలాసేపు చూశాడు. ముఖం మెత్తబడింది. గెలిచాననుకున్నాను.

"ఎవరింటోళ్ళురా వీళ్ళు? మంచి ఖాందానోళ్ళ లెక్క కనపడ్తున్నరు."

"పెద్దనాయనా!"

"ఆమెను చూడు, ఎంత హుందాగ నిలబడ్డది. చేతుల అవేంది?"

"అట్టలు. ఏం వద్దో వాటి మీద రాసి పట్టుకున్నరు."

"అంటే ఒర్రుడు అక్కర లేదన్నట్టు." ఆయన పత్రికను మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మస్తుంది."

ఆ సాయంత్రం నాకు కలిగిన విసుగును ఏ భాషలో రాయను? అంతవరకూ ఆయన్ని ఆపుతున్నది ఒకే ఒక్క ఇబ్బంది. మా ఇళ్ళలో పెద్దవాడి గొంతు వసారా దాటకూడదు. ఆయన మెల్లగా అంటాడు, గొడుగు తాత గట్టిగా చెప్తాడు. అలాంటి మనిషి వీధిలో నిలబడి నినాదాలు ఎలా ఇస్తాడు? ఆ ఇబ్బందిని అమెరికా తీర్చింది. అమెరికాను ఇంటికి మోసుకొచ్చింది నేను.

అప్పుడే హెడ్మాస్టరు ఇంకో వార్త చెప్పాడు. వారం తిరక్కుండా ఇన్‌స్పెక్టర్ సాబ్ వికారాబాదు నుంచి తనిఖీకి వస్తున్నాడు. ఊళ్ళో పెద్దలెవరైనా అభ్యంతరం చెప్తే పాలు ఆపేసి పీపాలు ఇంకో ఊరికి పంపిస్తారట. పీపాలు పోతే పాలక్క కొలువు కూడా పోతుంది. ఆ సంగతి ఆమెకు నాకంటే ముందే తెలుసు.

"సారు, నా పెనిమిటి కాలు బండల గనిల పోయింది. మీకెరికే గద. గీ కొల్వు లేకుంటే నేను మల్ల ఆ గనికే పోవాలె. మా బిడ్డ బడి మానాలె. మీ పెద్దదొరకు జర చెప్పుండ్రి."

"నువ్వేం ఫికర్ చెయ్యకు" అన్నాను. అక్కడితో ఆపవలసింది. ఆపలేదు. ఇది ఒక్క నీ కొలువు సంగతి కాదు, మానవ సమానత్వానికి సంబంధించినది, రాజ్యాంగంలో ఏమున్నదంటే అని మొదలుపెట్టాను. ఆమె మర్యాద కోసం గరిటె పట్టుకుని వింటూ నిలబడింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

ఇంట్లో పెద్దనాయన అట్టలు కోయించి సిద్ధంగా పెట్టాడు. "నువ్వే రాయాలె. మన ఇంట్ల ఖత్ నీదే మంచిగుంటది."

"నేను ఆ బడిల పంతుల్ని పెద్దనాయనా. నా మీద నేనే రాసుకోవాల్నా?"

"నీ మీద కాదురా, అమెరికా మీద."

"నేను రాయ."

"సరే. బస్టాండుకాడ బోర్డులు రాసెటోడు లేడా? వాన్ని పిలిపిస్త."

ఆ బోర్డులు రాసేవాణ్ణి నాకు తెలుసు. చాయ్ హోటలుకు రాసినా, సైకిలు షాపుకు రాసినా మూలన ఒక ఎర్రముక్కు చిలకను వేయకుండా వదిలిపెట్టడు. మా ఇంటి పేరు మీద, మా పెద్దనాయన తలకాయ పక్కన, ఊరంతా చూస్తుండగా ఆ చిలక ఊరేగడం ఊహించుకున్నాను. నా సిద్ధాంతాలన్నీ ఒకవైపు, ఆ చిలక ఒకవైపు. చాప పరుచుకుని కూర్చున్నాను. 'పరదేశపు పాలు మాకు అక్కరలేదు' అని నీలిరంగుతో, గుండ్రంగా, తలకట్లు ఒకే ఎత్తులో ఉండేలా రాశాను. కింద గీత కూడా గీశాను. "శాబాష్" అన్నాడు పెద్దనాయన. నాకు కోపంతో పాటు, ఎందుకో మరి, కొంచెం సంతోషం కూడా కలిగింది. ఆ సంతోషం మీద ఇంకా ఎక్కువ కోపం వచ్చింది.

ఇక జనం కావాలి. పెద్దనాయన గొడుగు తాతను పిలిచి, వాడల్లోనూ గని దగ్గరి గుడిసెల్లోనూ డప్పు కొట్టి దండోరా వేయమన్నాడు. ఏమని చెప్పాలో వివరంగా చెప్పాడు. పరదేశపు పాల వల్ల వచ్చే నష్టాలు, వరస తప్పడం వల్ల వచ్చే అనర్థాలు, అందరూ వచ్చి తమ అయిష్టం తెలపవలసిన అవసరం, అన్నీ చెప్పాడు. గొడుగు తాత చేతులు కట్టుకుని విన్నాడు. బయటికెళ్ళి ఆయన వేసిన దండోరా మాత్రం ఇది: "రేపు పొద్దుగాల బడికాడ దొర కూసుంటడహో! అమెరికా పాల ముచ్చటహో! ఇంటికి ఒక్కరన్న రావాలహో!"

తాతను తప్పు పట్టలేను. మా ఇంటి దండోరాలో కారణం చెప్పే ఆచారం ఎప్పుడూ లేదు. ఎవరు పిలుస్తున్నారు, ఎక్కడికి రావాలి, ఇంతే. తాతల కాలం నుంచీ కారణం జనమే ఊహించుకునేవారు. అదీ కష్టమేమీ కాదు. దొర పిలిస్తే రెండింటికే: వెట్టికి, లేదా కరువు రోజుల్లో గంజి పోయడానికి. జనం అభిప్రాయం కనుక్కోవడానికి మా వంశంలో ఎవరూ ఎవర్నీ పిలవలేదు. ఇప్పుడు వెట్టి లేదు, సర్కారు తీసేసింది. మరి మిగిలినది ఏది? పైగా పాలన్న మాట కూడా దండోరాలో ఉండనే ఉంది.

మర్నాడు ఉదయం నేను బడి వరండాలో నిలబడి చూస్తున్నాను. ముందు గొడుగు తాత నెత్తి మీద బోర్లించిన ఆరాంకుర్చీ వచ్చింది. దాని వెనక పెద్దనాయన, శాలువా కింద నాపరాయి ముక్క పట్టుకుని. ధర్నా అంటే నేల మీద కూర్చోవాలని నేను ముందే చెప్పి ఉన్నాను. "నేల మీద కూసుంటే ఎవరికి కనపడ్త?" అన్నాడు. గేటు పక్కన కుర్చీ వేశారు, కాలి కింద రాయి పెట్టారు, గొడుగు విప్పారు. కాసేపటికి జనం రావడం మొదలైంది. గనిలో బండలు కొట్టేవాళ్ళు, కంది చేలల్లో పని చేసేవాళ్ళు, సరిహద్దు అవతలి నుంచి వచ్చి కన్నడం మాట్లాడే కూలీలు, చంకలో పిల్లలతో ఆడవాళ్ళు. బడి ముందు సందు నిండిపోయింది. నేను గేటు దగ్గరికి వెళ్ళి, పద్ధతి ప్రకారం ఆయన కాళ్ళకు దండం పెట్టి (ధర్నా అయినా పెద్దనాయన పెద్దనాయనే) పక్కన నిలబడ్డాను.

"చూసినవారా, జనం ఎట్ల కదిలిండ్రో!" ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. "నువ్వు గన్ని దినాలు సమానం సమానం అన్నవు, ఒక్కడన్న వచ్చిండా?"

"పెద్దనాయనా, వీళ్ళ చేతుల్ల సర్వలు, ముంతలు ఎందుకున్నయి?"

"ఎండల నిలబడాలె గద. నీళ్ళకు తెచ్చుకున్నరు."

ఇంతలో ఒక ముసలమ్మ ముందుకొచ్చి, ఇత్తడి చెంబు చూపిస్తూ అడిగింది: "దొరా, ఎప్పటిసంది పోస్తరు?"

"ఏంది పోసేది?"

"పాలు, దొరా."

పెద్దనాయన నా వైపు చూశాడు. నేను గొడుగు తాత వైపు చూశాను. గొడుగు తాత గొడుగు వైపు చూశాడు.

"పోసుడు కాదు, వద్దనాలె" అన్నాడు పెద్దనాయన, వసారా దాటని గొంతుతో. పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు. అలవాటు ప్రకారం గట్టిగా చెప్పమని తాతకు సైగ చేశాడు. తాత ఆ జనాన్ని, వాళ్ళ గిన్నెల్ని ఒకసారి కలయజూసి, వంగి, "దొరా, గా మాట నేనంటే నన్ను ఈడనే తంతరు" అన్నాడు. పెద్దనాయన తన ఆఖరి ఆయుధంగా అట్టలు పంచమన్నాడు. పంచాను. ఎండ ఎక్కువైంది కదా, తీసుకున్నవాళ్ళు తీసుకున్నట్టే నెత్తి మీద నీడకు అడ్డం పెట్టుకున్నారు. నా గుండ్రటి అక్షరాలన్నీ ఆకాశం వైపు తిరిగాయి. ఆ రోజు వాటిని చదివినవాళ్ళెవరైనా ఉంటే అవి గద్దలే.

సరిగ్గా అప్పుడే స్టేషను వైపు నుంచి టాంగా వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టర్ సాబ్ దిగాడు. నిజాం కాలపు మనిషి, షేర్వాణీ, ఊరూరూ తిరిగి అలిసిన ముఖం. హెడ్మాస్టరు పరుగెత్తుకెళ్ళి మెళ్ళో బంతిపూల దండ వేశాడు. కానీ సాబ్ చూపు హెడ్మాస్టరు మీద లేదు. ఆయన కుర్చీని చూశాడు, గొడుగును చూశాడు, దాని చుట్టూ గిన్నెలు పట్టుకుని బుద్ధిగా నిలబడ్డ ఊరిని చూశాడు. ఆయన నౌకరీ అంతా ఇలాంటి కుర్చీల ముందే గడిచింది. వాటికి ఆయన ఎరిగిన అర్థం ఒక్కటే.

"వాహ్ దొరసాబ్, వాహ్! గింతమందిని మీరు తోల్కొచ్చిండ్రా?" అంటూ రెండు చేతులూ చాచి వచ్చాడు. "జిల్లా అంత తిరిగి వస్తున్న సాబ్. ఏడ చూసినా పెద్దపెద్దోళ్ళే అడ్డం పడ్తున్నరు. ఒకరు అర్జీ ఇస్తరు, ఒకరు పిల్లలను బడికి పంపుడు బంద్ చేస్తరు. నేను మస్తు పరేషాన్ల ఉన్న. మీ అసుంటి ఖాందానీ మనిషి ఎండల కుర్చీ ఏసుకొని కూసొని, గరీబోళ్ళకు పాలు పోపిద్దామని..." మాట పూర్తి చేయకుండానే తన మెడలోని దండ తీసి పెద్దనాయన మెళ్ళో వేశాడు.

నిజం చెప్పేద్దామని నేను నోరు తెరిచాను. నమ్మండి, తెరిచాను. అబద్ధం మీద నిలబడ్డ సమానత్వం నాకు పనికిరాదనిపించింది. "సాబ్, ఒక్క మాట..." అన్నానో లేదో హెడ్మాస్టరు నా కాలు తొక్కాడు. గేటు లోపల నుంచి పాలక్క గరిటె పైకెత్తి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. నోరు మూసుకున్నాను. ఇక అంతా పెద్దనాయన నోటి మాట మీద ఉంది. ఆయన 'వద్దు' అంటే పీపాలు మధ్యాహ్నం రైలెక్కుతాయి, పాలక్క రేపు గనికి పోతుంది.

జాగీర్లు పోయినప్పటి నుంచీ పెద్దనాయన మెడలో దండ పడలేదు. పెళ్ళిళ్ళలో కూడా ఆయన్ని రెండో వరుసలో కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆయన వేళ్ళతో ఆ బంతిపూలను తడిమి చూసుకున్నాడు. వెన్ను మెల్లగా నిటారైంది. కుర్చీ కింద రాయి కదిలినా ఒరగలేదు.

"పిల్లలు తాగాలె గదా మరి" అన్నాడు.

"బేషక్! ముందు మీరు చెయ్యి పెట్టాలె దొరసాబ్. మీరు తాగితేనే మిగిలినోళ్ళు తాగేది." సాబ్ లోపలికి కేక వేశాడు.

పాలక్క సత్తు గిన్నెలో పాలు పోసుకుని వచ్చింది. సందులో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ గిన్నె ఎవరి చేతిలో ఉందో తెలుసు, అది ఎవరి చేతిలోకి వెళ్ళాలో తెలుసు. పెద్దనాయన గిన్నె వైపు చూశాడు, ఆ చేతి వైపు చూశాడు, తన దండ వైపు చూసుకున్నాడు. తాగనంటే ఎందుకు తాగనో చెప్పాలి. ఎన్నడూ నోటితో అనని ఆ మాట ఇప్పుడు ఊరందరి ముందూ అనాలి. పాలక్క గిన్నె వెనక్కి తీసుకోలేదు.

"మంచిగ కాగినయా?" అన్నాడు చివరికి.

"కాగినయి దొరా. జర ఊదుకొని తాగుండ్రి, మూతి కాల్తది."

ఊదుకున్నాడు. తాగాడు. మీసం తుడుచుకుని ఖాళీ గిన్నె ఆమెకే ఇచ్చాడు. జనం చప్పట్లు కొడతారని, జయజయధ్వానాలు చేస్తారని నేను ఎదురుచూశాను. వాళ్ళు అలాంటివేమీ చేయలేదు. ముంతలు ముందుకు చాచారు. ఆ రోజు పాలక్క నీళ్ళు కలిపి, ఇంకా నీళ్ళు కలిపి ఊరందరికీ పోసింది. గొడుగు చాటున తాత కూడా తాగాడు. ఇంత ఆదరణ జిల్లాలో ఎక్కడా చూడలేదని, ఇంకా ఎక్కువ పీపాలు పంపాలని సాబ్ రాసుకుపోయాడు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పెద్దనాయన తోటి పెద్దమనుషులు ఇద్దరు ఇంటికొచ్చారు. వాళ్ళ ముఖాలు మాడిపోయి ఉన్నాయి. ఒకాయన గొంతు తగ్గించి అన్నాడు: "అయిందేదో అయింది. పాలు ఉండనీ, మంచిదే. కాచేటామెను ఒక్కదాన్ని తీసేపిద్దాం. మనోళ్ళల్ల ఎవరినన్న పెడ్దాం. నువ్వు ఒక్క మాట అంటే హెడ్మాస్టరు కాదనడు."

పెద్దనాయన మెడలోని దండ సర్దుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు: "ఆమెను తీసేస్తే, మరి పొద్దుగాల నేను తాగింది ఏందయ్యా?"

వాళ్ళిద్దరూ చెప్పుల కోసం చూసుకున్నారు.

"ఆమె చెయ్యి మంచిది కాదంటే, నా నోరు మంచిది కాదన్నట్టు. అంటరా ఎవరన్న? అననీ, చూస్త. నేనున్నన్ని దినాలు ఆ పొయ్యికాడ ఆమెనే ఉంటది."

వాళ్ళు వెళ్ళాక నేను ఆయన ముందు కూర్చున్నాను. నాకు ఇంకా కావాలి. "అంటే పెద్దనాయనా, ఒప్పుకున్నట్టేనా? మనుషులందరు ఒకటే అని?"

"ఎవడన్నడు?"

"మీరు తాగిండ్రు గదా!"

"తాగిన. నేను తాగిన్నంటే అవి మంచి పాలే అయి ఉంటయి. మంచియి కాకుంటే నేనెందుకు తాగుత?" దండ తీసి మేకుకు తగిలించాడు. "చక్కెర జర తక్కువైంది. రేపు ఆమెకు చెప్పు."

నేను లేచి వీధిలోకి వెళ్ళి కాసేపు అటూ ఇటూ నడిచాను. న్యాయం జరిగింది. నేను కోరిందే జరిగింది. కానీ నా వాదనల్లో ఒక్కటి, నా పత్రికల్లో ఒక్క ముక్క, నా రాజ్యాంగంలో ఒక్క అక్షరం అందుకు పనికిరాలేదు. మా వంశం పొగరు, పావుసేరు బంతిపూలు, ఈ రెండే ఆ పని చేశాయి. గెలిచిన పక్షాన ఉండి కూడా అంత చిరాకు పడ్డ మనిషి ఆ రోజు తాండూరులో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

పది పన్నెండేళ్ళ తర్వాత నాకు వికారాబాదు బదిలీ అయింది. ఒకరోజు స్టేషన్లో పాలక్క కనపడింది. పక్కన ఆమె బిడ్డ, కొత్త చీరలో, చేతిలో రేకు పెట్టె. నర్సు చదువుకు పంపిస్తోందట. కుశలప్రశ్నలు అయ్యాక, "పెద్దదొర మంచిగున్నరా సారు?" అని అడిగింది. పోయినేడు పోయాడని చెప్పాను. ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"ఆయనున్నన్ని దినాలు నా పొయ్యి దిక్కు ఎవ్వలు కన్నెత్తి చూడలే సారు."

నాకు ఎక్కడో కొంచెం గుచ్చుకుంది. "నేను గూడ నీ తరఫున మస్తు మాట్లాడిన గదా" అన్నాను.

"మాట్లాడిండ్రు సారు. ఎందుకు మాట్లాడలే? మీరు నోరు తెరిచినప్పుడల్ల నా గుండె దడదడ కొట్టుకునేది. ఇగ ఇయ్యాలతోని నా కొల్వు ఖతం అనుకునేదాన్ని." నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బిడ్డ కూడా నవ్వింది. రైలు వచ్చింది. ఎక్కి కూర్చున్నాక కిటికీలోంచి తల బయటపెట్టి, "ఈడి బడిల పాలు పోసేటామె మా చుట్టమే సారు. ఆమె తరఫున మాట్లాడకుండ్రి, జర పుణ్యముంటది" అంది.

ఆ మాట నేను నిలబెట్టుకోలేదు. రైలు దాటగానే తిన్నగా బడికి వెళ్ళి, నా గురించి ఏమీ భయపడవద్దని ఆ చుట్టానికి చాలాసేపు వివరించి చెప్పాను. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఎవరో ఒకరి తరఫున మాట్లాడుతూనే ఉన్నాను. మాట్లాడేటప్పుడు వాళ్ళ గుండె ఎలా కొట్టుకుంటోందో ముందు అడిగి తెలుసుకోవాలన్న ఆలోచన నాకు ఈమధ్యనే, ఈ వయసులో కలిగింది. అడుగుదామనే అనుకుంటాను. ఈలోగా నా గొంతు నాకు వినపడుతుంది.